లేని కామెర్లకు పథ్యం

మా మనవడికి పచ్చకామెర్లని ఊళ్ళో మొదట చెప్పింది నా కోడలు. మాఘ శుద్ధ దశమి, గురువారం పొద్దున. పాలు పోయడానికి వచ్చినావిడ, పరీక్షలు దగ్గర పెట్టుకుని అబ్బాయి ఇంటికొచ్చాడేమని అడిగింది. కోడలు పాలగిన్నె చేత్తో పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, "కామెర్లు" అంది. ముందుగా అనుకుని అన్న మాట కాదు. కానీ జ్వరమంటే నాలుగు రోజుల్లో తగ్గాలి. కడుపునొప్పి అంటే ఆపరేషనా అని అడుగుతారు. కామెర్లయితే పిల్లవాణ్ణి నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ లెక్క ఆమె మనసులో ఎంత వేగంగా జరిగిందో గానీ, తప్పు లేకుండా జరిగింది.

నేను ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి పోస్టాఫీసు నడిపాను. రోజూ పొద్దున్నే ముద్రలో తేదీ మార్చి, పాత కాగితం మీద రెండుసార్లు కొట్టి చూసుకుని గానీ మొదటి కవరు ముట్టుకునేదాన్ని కాదు. సాయంత్రం పెట్టెలో ఒక్క రూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా తలుపు తాళం వేసేదాన్ని కాదు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. అలాంటి నేను ఆ మాట విని కూడా దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. దీపం వత్తి సరిచేస్తూ కూర్చున్నాను.

నిజం ఇది. మా మనవడికి పదహారు నిండాయి. నరసరావుపేట వైపు ఒక హాస్టలు కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఆ వారం సోమవారం నాడు, మా అబ్బాయి మిరప కల్లంలో కాయలు తిరగేయిస్తుండగా, కాలేజీ నుంచి ఫోను వచ్చింది. హాస్టలు మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనక, ఇద్దరు సీనియర్లతో కలిసి గంజాయి తాగుతూ మనవడు వార్డెనుకు దొరికాడట. విషయం బయటికి పొక్కనివ్వబోమని, గొడవ లేకుండా తీసుకుపొమ్మని, పరీక్షలకు మాత్రం వచ్చి రాసుకోవచ్చని చెప్పారు. మా అబ్బాయి చొక్కా అయినా మార్చుకోకుండా వెళ్ళి, సాయంత్రానికి కొడుకుని బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. వాకిట్లో బండి దిగి వాడు నా వైపు చూశాడు. ఆ ముఖంలో ఏమి వెతకాలో నాకు తెలియలేదు. పొగాకు వేసిన ఏళ్ళలో కూడా మా ఇంట్లో ఎవరూ చుట్ట కాల్చలేదు.

బుధవారం నాడు గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. మనసుకు వైద్యం చేసే డాక్టరు. ఆమె ముందు వాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడింది. తరువాత మా ముగ్గురినీ పిలిచింది. దసరా సెలవుల తరువాత మొదలైందని, ఇంకా లోతుకు దిగలేదని, కానీ ఇక్కడి నుంచి ఏ వైపుకు పోతాడన్నది చాలావరకు ఇంట్లో, ఊళ్ళో ఏమి జరుగుతుందన్న దాని మీద ఉంటుందని చెప్పింది. మందుల గురించి చెబుతుందని నేను కాగితం, కలం సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె ప్రశ్నలు అడిగింది. అన్నం ఎవరితో కలిసి తింటాడు? మార్కులు తగ్గినప్పుడు ఇంట్లో ఏమంటారు? చిన్నప్పటి స్నేహితులు ఇంకా ఉన్నారా? చదువు కాకుండా చేత్తో చేసే పని ఏదైనా వచ్చా? చివరికి, వాడికి పెద్ద కష్టం వస్తే మొదట ఎవరికి చెప్పుకుంటాడని అడిగింది.

మా అబ్బాయి, వాళ్ళమ్మకి అన్నాడు. కోడలు, వాళ్ళ నాన్నకి అంది. నేను, నాకే అన్నాను. డాక్టరమ్మ మూడు జవాబులూ రాసుకుంది. అదే ప్రశ్న వాణ్ణీ అడిగిందని, వాడు "ఎవరికీ చెప్పను" అన్నాడని మాకు తరువాత తెలిసింది.

వాణ్ణి ఒంటరిగా వదలవద్దంది. అలాగని పోలీసుల్లా వెంటపడవద్దంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనుషుల మధ్య తిరగనివ్వండి, ఒళ్ళు అలిసే పని చెప్పండి, అందరూ కూర్చుని తినే చోట తిననివ్వండి అంది. అనుమానం వస్తే దొంగచాటుగా వెతకకుండా ముఖం మీదే అడగమంది. చెప్పినది అబద్ధమని తేలితే కొట్టకుండా మళ్ళీ అడగమంది. ఇదంతా నేను రాసుకున్నాను. మర్నాడు పొద్దున పాలు పోయించుకునే వేళకు మేం చేసింది మీకు ముందే చెప్పాను.

కామెర్లకు మా వైపు పెద్ద పథ్యం. నూనె కూడదు, కారం కూడదు, ఎండ కూడదు. చుట్టూ కల్లాల్లో ఎర్రగా కాయలు ఎండుతుంటే, మా ఇంట్లో వాడికి చట్నీ లేని ఇడ్లీ, మజ్జిగన్నం, రొట్టె ముక్కలు. మేం ముగ్గురం వంటింట్లో గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే వాడు గదిలో ఒక్కడూ చప్పిడి తినేవాడు. అంటుకుంటుందని ఎవరైనా అంటారేమోనని కోడలు వాడి కంచం, గ్లాసు వేరే పెట్టింది. స్నేహితులు వస్తే వాకిట్లోంచే పంపేసేవాళ్ళం. కల్లానికి వెళతానని వాడే ఒకసారి అడిగాడు. కామెర్లవాడు ఎండలో కనబడితే ఏమనుకుంటారని వాళ్ళ నాన్న వద్దన్నాడు. ఫోను ఎలాగూ తీసేసుకున్నాం. డాక్టరమ్మ చెయ్యమన్నవి ఒక్కొక్కటీ కామెర్లు అడ్డం వచ్చి ఆగిపోతున్నాయి. ఇది నాకు మొదటి వారంలోనే కనబడింది. కనబడినా ఊరుకున్నాను, ఎందుకంటే కోడలి ముఖం చూస్తే భయం వేసేది. ఆమె రోజూ వాడి చొక్కాలు ఉతికే ముందు వాసన చూసేది. చూసి, ఏమీ లేదని తెలిసినా ఇంకోసారి చూసేది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ చేసే పని ఒకటే. వాడి గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి, కింది రెప్ప బొటనవేలితో లాగి పచ్చదనం ఉందా అని చూడటం. వాడు కదలకుండా చూపించేవాడు. మిరప కాలంలో మా ఊళ్ళో కళ్ళు తెల్లగా ఉన్న మనిషి ఉండడు. గాలిలోనే ఘాటు ఉంటుంది. నిద్ర లేక వాడి కళ్ళు ఇంకా ఎర్రగా ఉండేవి. మా పక్కింటావిడ ఒకరోజు రెండు రెప్పలూ లాగి చూసి, "ఎర్రగా ఉన్నాయేంటి పిన్నీ? పచ్చగా కదా ఉండాల?" అంది. ఎర్రబడటం తగ్గుముఖమని కోడలు చెప్పింది. ఆవిడ అలాగా అని తల ఊపింది గానీ, నా వైపు చూసింది.

ఈ పక్కింటావిడ గురించి చెప్పాలి. మాకు దూరపు చుట్టం. నన్ను పిన్నీ అంటుంది, వాడు ఆవిణ్ణి అత్తా అంటాడు. మా కల్లం పక్కదే వాళ్ళ కల్లం. వాళ్ళ అబ్బాయి, మావాడు ఒకే ఏడు పుట్టారు, ఒకే బడిలో చదివారు. ఆవిడ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. చేసే సాయం కూడా అంతే, వద్దంటే ఆగేది కాదు. రోజూ పొద్దున్నే నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి, గ్లాసుడు తెచ్చి, వాడు తాగేదాకా ఎదురుగా నిలబడేది. వాడు ముఖం చిట్లించకుండా తాగేవాడు. ఆ మందుకు వాడి ఒంట్లో జబ్బు లేదు. ఖాళీ గ్లాసు కడిగి ఆవిడ చేతికిచ్చేదాన్ని నేను.

అంకెల దగ్గర నాకు నిజంగా చేతకాలేదు. కామెర్లంటే రక్తపరీక్ష, పరీక్షంటే అంకె. ఒక సాయంత్రం ఆవిడ ఎంతుందని అడిగితే అయిదని చెప్పాను. నా జీవితంలో లేని అంకె ఒకటి పుట్టించి చెప్పడం అదే మొదలు.

"పొద్దున బోరు దగ్గర మీ కోడలు తొమ్మిదంది," అంది ఆవిడ. "పొద్దున తొమ్మిది, సాయంత్రానికి అయిదా? ఏం మందు పిన్నీ అది, మాక్కూడా చెప్పు. ఊళ్ళో అందరికీ పోయిద్దాం."

నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను.

రెండో వారం వాడు చిక్కిపోయాడు. లేని జబ్బుకు పెట్టిన పథ్యంతో నిజంగానే జబ్బు మనిషిలా తయారయ్యాడు. కొన్ని రోజులు చిన్న మాటకే కసిరేవాడు, కొన్ని రోజులు పిలిచినా పలికేవాడు కాదు. మానేసినప్పుడు అలా ఉండొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా గదిలో చప్పుడు లేకపోతే భయం, చప్పుడైతే భయం. మధ్యాహ్నాలు ఏదో వంకతో ఆ తలుపు పక్కన బియ్యం ఏరుతూ కూర్చునేదాన్ని. అప్పటికే ఏరిన బియ్యం.

ఒకరోజు లోపలి నుంచే అన్నాడు. "నాయనమ్మా, నిజంగా కామెర్లు వచ్చినా బాగుండేది. తగ్గేవి."

నేను లేచి లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఎందుకు మొదలుపెట్టావురా అని అప్పుడు అడిగాను. అంతవరకూ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. ఎంత పని చేశావు అన్నామే గానీ, ఎందుకని అడగలేదు. వాడు గోడ వైపే చూస్తూ, హాస్టల్లో వారం వారం పరీక్ష పెట్టి మార్కుల ప్రకారం గదులు మారుస్తారని చెప్పాడు. దసరా తరువాత వాణ్ణి కింది బ్యాచి గదిలోకి మార్చారట. ఆ సంగతి ఫోనులో చెప్పబోతే వాళ్ళ నాన్న, పైకి రావడానికి ఏం చెయ్యాలో చూడు అని పెట్టేశాడట. ఆ గదిలో వాడితో మాట్లాడింది ఆ ఇద్దరు సీనియర్లే. "వాళ్ళు మార్కులు అడగరు నాయనమ్మా," అన్నాడు. పదో తరగతి దాకా వాడు ఇంటికి రాగానే మొదట మార్కులు అడిగేది నేనే.

ఆ శనివారం పక్కింటావిడ పసరు గ్లాసు తేలేదు. చేతులూపుకుంటూ వచ్చి, వసారాలో కూర్చుని, ఇక పసరుతో అయ్యేది కాదంది. వినుకొండ అవతల వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఒకాయన చేతి మణికట్టు మీద వాత వేస్తాడట. కాల్చిన పుల్లతో ఒక్క చురక, మూడు రోజుల్లో కామెర్లు దిగిపోతాయట. రేపు ఆదివారం, ఆటో మాట్లాడానంది. కాలిన పుండు చీము పడితే ఏమవుతుందో నాకు తెలుసు. కోడలు వద్దంటుందని చూశాను. వద్దంటే ఆవిడ ఎందుకని అడుగుతుంది, ఎందుకని అడిగితే చెప్పడానికేమీ లేదు. కోడలు మెల్లిగా, "ఎన్నింటికి బయల్దేరాలి వదినా?" అంది.

అప్పుడే వాడు గదిలోంచి బయటికి వచ్చాడు. అంతా విన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, "వేయించుకుంటాలే అత్తా. ఏ చేతికి వేస్తారు?" అన్నాడు.

ఆ మాట అన్న తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వాడి గొంతులో భయం లేదు, బాధ లేదు. ఎవరో పంపిన సామాను దింపుకోవడానికి చెయ్యి చాపినట్టు చాపాడు. మా అబద్ధం నిలబెట్టడానికి ఒళ్ళు కాల్చుకోవడానికి ఒప్పుకున్నాడు. దానికి ఒప్పుకున్నవాడు ఇంకే పనికైనా ఒప్పుకుంటాడు. మేడ మీద ట్యాంకు వెనక కూడా ఇలాగే చెయ్యి చాపి ఉంటాడు.

"వాడికి కామెర్లు లేవమ్మాయ్," అన్నాను.

అక్కడే ఆగిపోయాను. కోడలు, "అత్తయ్యా!" అంది. పక్కింటావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాడు చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"గంజాయి తాగానత్తా," అన్నాడు. "హాస్టల్లో పట్టుకుని ఇంటికి పంపేశారు. కామెర్లు కాదు."

ఆవిడ నా వైపు తిరిగి, "మరైతే రెండు వారాలబట్టీ నాచేత పసరు పోయిస్తున్నారా పిన్నీ?" అంది. తరువాత కోడలితో, "వాడికి ఆ చప్పిడి కూడెందుకమ్మా ఇంకా? పచ్చడేసి అన్నం పెట్టు ముందు," అంది. కోడలు ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ లేచి, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "ఒరేయ్, నీ ముందే చెప్తున్నా. మావాడితో కొన్నాళ్ళు తిరగొద్దు. నాకు భయం," అంది. వాడు తల ఊపాడు. "మా కల్లంలో తాలు ఏరడానికి మనుషులు చాలట్లేదు. రేప్పొద్దున రా. మీ నాయనమ్మని కూడా తీసుకురా, ఊరికే ఏరిన బియ్యం ఏరుతుంది."

కోడలు నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. మా అబ్బాయి సాయంత్రం వచ్చి సంగతి విని, "ఇంకెవరికైనా చెప్పేది మిగిలి ఉందా అమ్మా?" అన్నాడు. తప్పు పట్టలేను. రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. మా వీధిలోకి ఆడుకోవడానికి వచ్చే పిల్లలు కొందరు రావడం మానేశారు. పాలావిడ చెయ్యని బోధ లేదు. అదే వారంలో ఇద్దరు ఆడవాళ్ళు, విడివిడిగా, ఆ గుంటూరు డాక్టరమ్మ ఎక్కడుంటుందని అడిగి వెళ్ళారు. ఒకావిడ పొన్నూరులో చుట్టాల అబ్బాయికంది. నేను చిరునామా రాసిచ్చాను. చుట్టాలెవరని అడగలేదు.

ఆవిడ రమ్మన్న ఆదివారం పొద్దునే వాడూ నేనూ వాళ్ళ కల్లానికి వెళ్ళాం. ఎర్ర కాయల్లోంచి రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటారు. అది ఏరి వేరే కుప్ప పోస్తారు. వాడు మొదట్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని తుమ్ముతూ కూర్చునేవాడు. నాలుగు రోజులకు చెయ్యి అలవాటు పడింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు వాణ్ణి వదిలిపెట్టలేదు. "ఏం బాబూ, ఈ తాలంతా పొగ పెట్టి పీలిస్తే ఎక్కుద్దంటావా?" అని ఒకామె అడిగితే మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. వాడు తల ఎత్తకుండా, "నువ్వు ముందు పీల్చి చెప్పక్కా," అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. మధ్యాహ్నం వాళ్ళతో కూర్చుని, మా కోడలు కట్టిచ్చిన పచ్చడన్నం తిన్నాడు. సాయంత్రాలు మా అబ్బాయి కూడా వచ్చి ఏరేవాడు. మొదట్లో మాటల్లేవు. తరువాత కాయల రంగు గురించి, ధర గురించి మాట్లాడుకునేవాళ్ళు. మార్కుల మాట మా అబ్బాయి ఎత్తలేదు. ఎత్తబోయి ఆగిపోవడం నేను చూశాను.

బాగుపడ్డాడని నేను రాయడం లేదు. మధ్యలో రెండుసార్లు చాలా చెడ్డ రోజులు వచ్చాయి. ఒకసారి కంచం విసిరాడు.

పరీక్షలు వచ్చాయి. అదే ఊరు, అదే హాస్టలు పక్కన పరీక్ష. రోజూ వాళ్ళ నాన్న బండి మీద తీసుకెళ్ళి, బయట చెట్టు కింద కూర్చుని, తీసుకొచ్చేవాడు. ఆఖరి పరీక్ష రోజున వాడు బస్సులో వెళ్ళొస్తానన్నాడు. కోడలు వద్దంది. మా అబ్బాయి నా వైపు చూశాడు. వెళ్ళనివ్వమన్నాను. తీసేసుకున్న ఫోను ఆ రోజుకు వాడి చేతికిచ్చి పంపాం.

పన్నెండింటికి పరీక్ష అయిపోతుంది. రెండింటికల్లా ఊళ్ళో ఉండాలి. రెండు దాటింది, మూడు దాటింది. వాడి ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మా అబ్బాయి బండి తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. నేను ఇంట్లో ఉండలేక కల్లానికి వెళ్ళి కూర్చున్నాను. చేతికి తాలు వస్తోందో మంచి కాయ వస్తోందో తెలియలేదు. పక్కింటావిడ నా కుప్పలోంచి ఎర్ర కాయలు తీసి మళ్ళీ అవతల వేస్తోంది.

నాలుగవుతుండగా పొలం గట్టు మీద కనబడ్డాడు. అడ్డదారిన నడిచి వచ్చాడు, అందుకే వాళ్ళ నాన్నకు ఎదురు పడలేదు. దగ్గరికి రాగానే నేను చూసింది కళ్ళే. ఎర్రగా ఉన్నాయి. కల్లంలో ఉన్న అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, నావీ అంతే. కానీ వాడు కల్లంలోంచి రావడం లేదు.

"ఎవరు కలిశారురా?" అని అడిగాను. అందరి ముందే అడిగాను.

"వాళ్ళలో ఒకడు," అన్నాడు. "గేటు దగ్గర ఉన్నాడు. బస్టాండు దాకా వెంట వచ్చాడు. జేబులో ఉంది, ఒక్కసారే అన్నాడు."

"తీసుకున్నావా?"

"లేదు," అన్నాడు. "వద్దనడానికి చాలాసేపు పట్టింది నాయనమ్మా. రెండు బస్సులు పోయాయి. ఫోనెత్తితే ఏడుస్తానని ఎత్తలేదు."

ఏ రోజు పైకం ఆ రోజు రూపాయితో సహా సరిపోతే గానీ సంతకం పెట్టని మనిషిని నేను. ఇక్కడ సరిచూసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడి నోటిమాట ఉంది, ఎర్రటి కళ్ళున్నాయి. నా చెయ్యి దానంతటదే వాడి ముఖం వైపు లేచింది, ఆ కింది రెప్ప లాగి చూడటానికి. వేళ్ళ నిండా మిరప ఘాటు. చెయ్యి కిందికి దించుకున్నాను.

వాడు ముంజేత్తో కళ్ళు తుడుచుకోబోయాడు. "కల్లంలో చెయ్యి పెట్టకురా కళ్ళకి," అని నా కొంగు లోపలి వైపు అంచు ఇచ్చాను. తుడుచుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నాకూ పక్కింటావిడకూ మధ్య కూర్చున్నాడు. ఆవిడ వాళ్ళబ్బాయికి ఫోను చేసి, మా అబ్బాయిని రోడ్డు మీద కలిసి వెనక్కి రమ్మని చెప్పమంది. "వచ్చేటప్పుడు నువ్వు కూడా ఇటే రా," అని చివర్లో అంది. మనవడు ఆ మాట విన్నాడు. తల ఎత్తలేదు గానీ చేతిలో కాయ కాసేపు కదలలేదు.

తరువాత దాన్ని ఎర్ర కుప్పలో వేశాడు. నేను చూశాను. మంచి కాయే.